మేడమీద గదికి నెట్టు: పవర్‌లైన్ అడాప్టర్లు కొనే ముందు మీటర్లు, డీబీ, ఇన్వర్టర్ లైను చూసుకోండి

మీరు అడిగిన విషయాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పి జవాబులోకి వెళ్తాను. నల్గొండలో మీది తాతలనాటి రాతి గోడల ఇల్లు. ముందుగదిలో ఫైబర్ కనెక్షన్ పెట్టె ఉంది, ప్లాను 100 ఎంబీపీఎస్. వెనకవైపు స్లాబు మీద తర్వాత కట్టిన గదిలో మీ అబ్బాయి చదువుకుంటాడు, ఆన్‌లైన్ తరగతులు వింటాడు, కానీ అక్కడికి వైఫై అందదు. గోడలు తొలిపించడం మీ ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. అందుకని కరెంటు తీగల మీదుగానే ఇంటర్నెట్‌ను పంపే పవర్‌లైన్ అడాప్టర్ల జతను, డబ్బా మీద 1000 అని రాసి ఉన్నదాన్ని, కొందామా అని అడిగారు. చివర్లో మాటవరుసకు ఇంకొక వాక్యం రాశారు: పై గదిలో ఇంతకుముందు కిరాయిదారు ఉండేవారు, దానికి వేరే మీటరు ఉంది, ఇంటికి త్రీఫేజు కనెక్షను, ఇన్వర్టరు కూడా ఉన్నాయి. మీరు మాటవరుసకు రాసిన ఆ వాక్యంలోనే మీ ప్రశ్నకు జవాబు ఉంది.

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు ఇళ్లల్లో నెట్‌వర్క్ పనులు చేసి చాలా ఏళ్లయింది. ఈ అడాప్టర్లు ఒక ఇంట్లో అద్భుతంగా పనిచేసి, పక్కింట్లో పది నిమిషాలు కూడా నిలవకపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ తేడా దాదాపు ప్రతిసారీ కంపెనీ వల్ల కాదు, ఇంటి వైరింగ్ వల్లనే వచ్చింది. కాబట్టి ఏ కంపెనీది కొనాలన్న ప్రశ్నను పక్కన పెట్టి, తీగ ఏ దారిన పోతున్నదో ముందు చూద్దాం.

ఈ పరికరం పనిచేసే తీరు సరళమైనది. మన ఇంటి తీగల్లో 230 వోల్టుల కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటూ ప్రవహిస్తుంది. అడాప్టరు అవే తీగల మీద 2 మెగాహెర్ట్జ్‌కు పైనున్న తరంగాలను ఎక్కిస్తుంది, రెండో చివర ఉన్న అడాప్టరు వాటిని విడదీసి మళ్లీ నెట్‌వర్క్ కేబుల్‌లోకి పంపుతుంది. ఈ అడాప్టర్లకు 2005లో వచ్చిన హోమ్‌ప్లగ్ ఏవీ ప్రమాణం సుమారు 28 మెగాహెర్ట్జ్ వరకు వాడుకునేది, 2012లో వచ్చిన ఏవీ2 దాన్ని 86 మెగాహెర్ట్జ్ దాకా పెంచింది. జీ.హెచ్ఎన్ అనే మరొక ప్రమాణం కూడా ఉంది, దాని పరికరాలు హోమ్‌ప్లగ్ పరికరాలతో మాట్లాడవు. ఒక జతలో ఒకటి ఈ రకం, ఇంకొకటి ఆ రకం తెచ్చుకుంటే రెండూ వృథా అవుతాయి.

డబ్బా మీది 1000 అన్న అంకె సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. అది తీగ మీద అన్నీ అనుకూలిస్తే సాధ్యమయ్యే ముడి వేగం. పంపే వంతు, అందుకునే వంతు రెండూ కలిపి వేసిన లెక్క అది, అందులోనే తప్పులు దిద్దుకునే అదనపు భారం కూడా కలిసి ఉంటుంది. పైగా ఈ తీగ మీద ఒకసారి ఒక్క అడాప్టరు మాత్రమే మాట్లాడగలదు. మంచి వైరింగ్ ఉన్న ఇంట్లో అటువంటి జతతో నాకు 100 నుంచి 200 ఎంబీపీఎస్ మధ్య వచ్చింది, మామూలు ఇళ్లల్లో 40 నుంచి 80 వచ్చింది. వీడియో తరగతికి నాలుగైదు ఎంబీపీఎస్ నిలకడగా వస్తే చాలు కాబట్టి, మీ అబ్బాయికి కావలసింది పెద్ద అంకె కాదు, తెగని లింకు. తక్కువ ధర జతల్లో డబ్బా మీద 600 అని ఉన్నా, అడాప్టరుకు ఉన్న కేబుల్ పోర్టు 100 ఎంబీపీఎస్‌కు మించి పంపలేదన్నది కూడా గుర్తుంచుకోండి.

ఇక అసలు విషయం. ముందుగదికీ దాని పక్క గదికీ మధ్య ఒక్క గోడే అడ్డు ఉన్నా సిగ్నల్ ఆ గోడను దాటి రాదు. అది సాకెట్టు నుంచి గోడలోని పైపు గుండా స్లాబు దాకా ఎక్కి, అక్కడి నుంచి డీబీకి, అంటే ఇంటి లైన్లన్నీ విడిపోయే పెట్టెకు, చేరి, అక్కడ ఇంకొక ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే చిన్న స్విచ్చు) గుండా రెండో గది లైనులోకి దిగి, మళ్లీ సాకెట్టు దాకా రావాలి. ఆరడుగుల దూరమనుకున్నది తీగ లెక్కన 30 మీటర్లు కావచ్చు. దారిలో కొమ్మలుగా చీలిపోయే ప్రతి లైనూ, ట్యూబులైటుకో ఫ్యానుకో పోయే ప్రతి ముక్కా సిగ్నల్‌లో కొంత భాగాన్ని లాక్కుంటుంది. పాత ఇళ్లల్లో చెక్క పట్టీ కింద నడిపిన తీగలకు గుడ్డటేపు చుట్టిన జాయింట్లు ఉంటాయి. అటువంటి వదులు జాయింటు ఒక్కటి ఉన్నా ఫ్యాను తిరుగుతుంది, బల్బు వెలుగుతుంది, సిగ్నల్ మాత్రం అక్కడే చచ్చిపోతుంది.

దీని మీద త్రీఫేజు చిక్కు వచ్చి పడుతుంది. మీ డీబీ మూత తెరిస్తే ఎరుపు, పసుపు, నీలం తీగలు మూడు వరుసల ఎంసీబీలకు పోతూ కనిపిస్తాయి. ముందుగది ఎరుపు ఫేజు మీద, వంటగది పసుపు ఫేజు మీద ఉన్నాయనుకోండి. అప్పుడు రెండు అడాప్టర్లకూ మధ్య న్యూట్రల్ ఒక్కటే ఉమ్మడిగా ఉంటుంది, ఫేజు తీగలు పక్కపక్కన పోతున్న చోట ఒకదాని నుంచి ఇంకొకదానికి అంటుకున్నంత మేరకే సిగ్నల్ దాటుతుంది. ఒక్కోసారి అది కూడా సరిపోతుంది, చాలాసార్లు సరిపోదు. ఏ సాకెట్టు ఏ ఫేజు మీద ఉన్నదో తెలుసుకోవడానికి మల్టీమీటరు అక్కర్లేదు. పగటిపూట ఒక టేబుల్ ల్యాంపును ఆ సాకెట్టులో పెట్టి, ఒకరు డీబీ దగ్గర నిలబడి ఎంసీబీలను ఒక్కొక్కటిగా దించుతూ పోతే ఏది దించినప్పుడు ల్యాంపు ఆరిందో తెలుస్తుంది, ఆ ఎంసీబీకి వచ్చే తీగ రంగే దాని ఫేజు. రెండు సాకెట్లూ వేర్వేరు ఫేజుల మీద ఉంటే, లోడు ఒకే ఫేజు మీద పడిపోకుండా చూసుకుంటూ ఒక లైనును ఇటు మార్చడం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కు పది నిమిషాల పని. మీరు మాత్రం చేయవద్దు. రెండు ఫేజుల మధ్య సుమారు 400 వోల్టులు ఉంటాయి.

వేరే మీటరు ఉంటే సమస్య ఇంకొక మెట్టు పైకి పోతుంది. స్లాబు రేట్ల బిల్లులో యూనిట్లు పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది కాబట్టి కిరాయి పోర్షన్‌కు వేరే మీటరు పెట్టించుకోవడం మన దగ్గర మామూలే. అలాంటప్పుడు కింది సాకెట్టు నుంచి బయలుదేరిన సిగ్నల్ కింది డీబీ, కింది మీటరు దాటి సర్వీసు వైరు కలిసే చోటికి పోయి, అక్కడి నుంచి పై మీటరు, పై డీబీ గుండా గదికి చేరాలి. రెండు మీటర్లూ ఒకే బోర్డు మీద పక్కపక్కన ఉండి, ఒకే ఫేజు నుంచి తీసుకుని ఉంటే సన్నగా ఏదో వస్తుంది. మిర్యాలగూడలో ఇలాంటి ఇంట్లోనే పరీక్షించినప్పుడు లింకు దీపం పచ్చగా కాకుండా ఎర్రగా వెలిగింది, వేగం 6 ఎంబీపీఎస్ దగ్గర ఊగిసలాడింది, బోరు మోటారు స్టార్టరు పడగానే అది కూడా పోయింది. కాబట్టి కింద మామూలు సాకెట్టు నుంచి పైన మామూలు సాకెట్టుకు ఈ జతను పెట్టుకోవాలన్నది మీ ఆలోచన అయితే, కొనవద్దనే నా సలహా.

అయితే మీ ఇంట్లో ఇంకొక దారి ఉండే అవకాశం ఉంది, అది ఇన్వర్టరు లైను. కిరాయిదారు ఖాళీ చేసిన తర్వాత గదిని సొంతానికి వాడుకునేవాళ్లు చాలామంది, కరెంటు పోయినప్పుడు పిల్లవాడి ఫ్యానూ లైటూ ఆగకూడదని కింది ఇన్వర్టరు నుంచి పైకి ఒక లైను లాగించి ఉంటారు. మీరు కూడా అలా చేయించి ఉంటే, ఆ లైను పై మీటరుతో సంబంధం లేకుండా కింది ఇన్వర్టరు అవుట్‌పుట్ నుంచి నేరుగా పైకి పోతున్నట్టు. కింద ఫైబర్ పెట్టె కూడా ఇన్వర్టరు సాకెట్టులోనే ఉంటుంది కదా, కరెంటు పోతే నెట్టు పోకూడదని అందరూ అలాగే పెడతారు. అంటే రెండు చివరలూ ఒకే లైను మీదకు వస్తాయి, మధ్యలో మీటర్లూ రావు, మూడు ఫేజుల గొడవా రాదు.

ఇది మీ ఇంట్లో నిజమో కాదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలు చాలు. మొదటిది, కరెంటు పోయినప్పుడు పై గదిలో ఏయే పాయింట్లు ఇన్వర్టరు మీద నడుస్తూనే ఉన్నాయో చూడండి. అందులో ఫ్యానూ లైటూ మాత్రమే ఉండి సాకెట్టు లేకపోతే, ఆ స్విచ్ బోర్డులోనే ఒక 5 యాంపుల సాకెట్టును ఇన్వర్టరు లైనుకు కలిపించుకోవాలి. రెండోది ఇంకా ముఖ్యమైనది. కరెంటు వచ్చాక పై పోర్షన్ మెయిన్‌ను, అంటే ఫేజునూ న్యూట్రల్‌నూ రెండింటినీ తెంపే స్విచ్చును, దించండి. ఇన్వర్టరు ఫ్యాను తిరుగుతూనే ఉంటే ఆ లైనుకు ఫేజూ న్యూట్రలూ రెండూ కింది నుంచే వస్తున్నాయి, మీ పని సగం అయినట్టే. ఫ్యాను ఆగిపోతే మాత్రం పని చేసినవారు తీగ ఆదా చేసుకోవడానికి ఫేజు ఒక్కటే కింది నుంచి లాగి, న్యూట్రల్‌ను పై మీటరు నుంచి కలిపేశారన్నమాట. ఇది మన దగ్గర నేను తరచుగా చూసే తప్పు. సిగ్నల్ పోయే జత తీగలు రెండు మీటర్ల మధ్య చీలిపోయి అడాప్టర్లు బలహీనపడతాయి. అంతేకాదు, ఒక మీటరు ఫేజు ఇంకొక మీటరు న్యూట్రల్‌తో నడవడం భద్రతకు కూడా మంచిది కాదు, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంపే స్విచ్చు) పెట్టించిన రోజున అది ఊరికే పడిపోతూ ఉంటుంది. ఇంటర్నెట్ సంగతి ఎలా ఉన్నా దాన్ని సరిచేయించండి.

ఇన్వర్టరు లైను మీద పెట్టుకోవడంలో ఒక ఇబ్బంది ఉంది, అది ముందే చెప్పాలి. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే ఆ క్షణంలో అడాప్టర్లు ఒక్కోసారి ఆగి మళ్లీ మొదలవుతాయి, లింకు కలవడానికి అర నిమిషమో నిమిషమో పడుతుంది. ఫైబర్ పెట్టె కూడా అలా ఆగే ఇళ్లల్లో ఇది తెలియదు కూడా. మామూలు కరెంటులాగే నున్నటి అలలిచ్చే సైన్‌వేవ్ ఇన్వర్టరు అయితే బ్యాటరీ మీద కూడా వేగం పెద్దగా తగ్గదు. గళ్లుగా తెగే అలలిచ్చే పాత స్క్వేర్‌వేవ్ ఇన్వర్టరు అయితే బ్యాటరీ మీద నడిచినంతసేపూ తీగలో రణగొణ పెరిగి వేగం పడిపోతుంది.

రణగొణ అంటే గుర్తొచ్చింది. మహబూబ్‌నగర్ మెట్టుగడ్డ దగ్గర ఒక రిటైర్డు మాస్టారి ఇంట్లో జత పెట్టాను. పగలంతా 120 ఎంబీపీఎస్ నిలకడగా ఉండేది, సాయంత్రం ఆరున్నర కాగానే 9కి పడిపోయేది. మాస్టారు నా మీద కాదు, సాయంత్రం ఊరంతా నెట్టు వాడుతుందని సర్వీసు ఇచ్చేవాళ్ల మీద అనుమానపడ్డారు. రెండు సాయంత్రాలు అక్కడే కూర్చుని, ల్యాప్‌టాప్‌లో లింకు వేగం చూస్తూ ఇంట్లోని ఒక్కొక్క వస్తువునూ తీసి చూశాం. ఫ్రిజ్జు తీస్తే మార్పు లేదు, టీవీ తీస్తే లేదు. చివరికి అమ్మగారు దీపం పెట్టడానికి వచ్చి పూజగది స్విచ్చు వేయగానే అంకె కళ్లముందే కిందకు జారింది. దేవుడి పటాల చుట్టూ వేసిన రంగు సీరియల్ బల్బులకు ఉన్న అరచేతి పాటి ప్లాస్టిక్ పెట్టెలో వడపోత ఏమీ లేని చవకరకం సర్క్యూట్ ఉంది, అది తీగ నిండా చెత్త తరంగాలను కుమ్మరిస్తోంది. దాన్ని తీసేసి వేరేది పెట్టగానే సమస్య పోయింది. ఇటువంటి నేరస్తులు ప్రతి ఇంట్లో ఉంటారు: పేరులేని మొబైల్ చార్జర్లు, చవక ఎల్ఈడీ ట్యూబుల డ్రైవర్లు, మిక్సీ, డ్రిల్లు మిషన్. వేగం ఏ వేళకు పడిపోతున్నదో రాసుకుంటే, ఆ వేళకు ఇంట్లో ఏ స్విచ్చు పడుతున్నదో దొరికిపోతుంది.

ఇక్కడ అడాప్టరు ఎక్కడ గుచ్చుతున్నామన్నది కూడా ముఖ్యం. స్పైక్ గార్డులో, అంటే రక్షణ సర్క్యూట్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులో, గుచ్చకూడదు. కరెంటులోని చెత్త తరంగాలను వడకట్టడమే దాని పని కాబట్టి అది మీ ఇంటర్నెట్‌ను కూడా చెత్తగానే లెక్కించి వడకట్టేస్తుంది. అడాప్టరు నేరుగా గోడ సాకెట్టులో ఉండాలి. ముందువైపు ఇంకొక సాకెట్టు ఉన్న రకం తీసుకుంటే దానిలో లోపలే వడపోత ఉంటుంది, కంప్యూటరునూ చార్జర్లనూ స్పైక్ గార్డు ద్వారా ఆ సాకెట్టుకు తగిలించుకోవచ్చు. ప్లగ్గు సంగతి కూడా చూసుకోండి. ఆన్‌లైన్‌లో దొరికే కొన్ని జతలకు ఐరోపా రెండు పుల్లల ప్లగ్గు ఉంటుంది, మన సాకెట్టులో అది వదులుగా వేలాడుతుంది, దానికి ఎర్త్ అందదు. ఏవీ2లోని కొన్ని రకాలు ఫేజు, న్యూట్రల్‌తో పాటు ఎర్త్ తీగను కూడా వాడుకుని వేగం పెంచుకుంటాయి, ఎర్త్ అందకపోతే ఆ లాభం పోతుంది. మన నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నేల కింద గ్రానైటు రాయి, ఎండాకాలం వస్తే పైమట్టి ఎండి బీటలు వారుతుంది, ఎర్తింగ్ గుంతలో ఉప్పూ బొగ్గూ వేసి నీళ్లు పోయడం మరచిపోతే ఎర్త్ పేరుకే మిగులుతుంది. అడాప్టర్ల కోసం కాకపోయినా ప్రాణాల కోసం దాన్ని ఒకసారి పరీక్ష చేయించుకోవాలి.

ఇన్వర్టరు పరీక్షలు రెండూ నెగ్గితే జత తెప్పించుకోండి, కానీ తిరిగి పంపే వీలున్న చోట మాత్రమే కొనండి. రాగానే రెండింటినీ ముందుగదిలోనే పక్కపక్క సాకెట్లలో పెట్టి, ఒకదాని మీద పెయిర్ బటన్ నొక్కి, రెండు నిమిషాల్లోపు రెండోదాని మీద నొక్కండి. దీనివల్ల రెండింటికీ మధ్య మీ ఇంటికి మాత్రమే చెందిన 128 బిట్ల తాళం పడుతుంది. ఇది ఊరికే చేసే లాంఛనం కాదు. సిగ్నల్ మీటరు దగ్గర పూర్తిగా ఆగిపోదు, తయారైనప్పటి తాళంతోనే వదిలేస్తే పక్కింట్లో అదే రకం జత ఉన్నప్పుడు రెండూ కలిసిపోయే ప్రమాదం ఉంది. తర్వాత రెండోదాన్ని పైకి తీసుకువెళ్లి పెట్టండి. వేగాన్ని ఫోనులో వైఫై మీద కొలవకండి. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో అడాప్టరుకు కలిపి, ఒకసారి పగలు, ఒకసారి రాత్రి ఏడు తర్వాత, ఒకసారి బోరు మోటారు నడుస్తుండగా, ఒకసారి కరెంటు తీసేసి ఇన్వర్టరు మీద కొలవండి. నాలుగుసార్లూ 30 ఎంబీపీఎస్‌కు తగ్గకుండా వస్తే ఉంచుకోండి.

పైన వైఫై కావాలంటే ఇంట్లో పడి ఉన్న పాత రౌటరు సరిపోతుంది. అడాప్టరు నుంచి వచ్చే కేబుల్‌ను దాని వాన్ పోర్టులో (బయటి నెట్టు కోసం ఉండేది) కాకుండా లాన్ పోర్టులో (ఇంట్లోని పరికరాల కోసం ఉండేది) పెట్టి, పరికరాలకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని ఆపేసి, దాని చిరునామాను కింది పెట్టె చిరునామాకు భిన్నంగా మార్చుకోండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో కింద ఛానెల్ 1 అయితే పైన 6 గానీ 11 గానీ పెట్టండి.

పరీక్షలు నెగ్గకపోతే, లేదా పైకి ఇన్వర్టరు లైనే లేకపోతే, గోడ తొలవకుండానే కేబుల్ వేసే మార్గం చూడండి. నిజానికి నన్ను అడిగితే మొదటి ఎంపిక ఇదే, పవర్‌లైన్ ఇది కుదరనప్పుడు చూడవలసింది. ముందుగది కిటికీ చట్రంలో వేలు పట్టే కంత చాలు. అక్కడి నుంచి బయటి గోడ మీదుగా మెట్ల వెంట పైకి 25 మీటర్లు దాటదు, క్యాట్6 అనే రకం నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల వరకు గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగం తీసుకువెళ్తుంది. కొనేటప్పుడు చివర బ్లేడుతో ఒక తీగను గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, తీసుకోకండి. కేబుల్‌ను కరెంటు తీగలున్న పైపులో కలిపి వేయకూడదు, దానికి వేరే పీవీసీ పైపు కావాలి. పైపు లేకుండా వేలాడదీస్తే నల్గొండలో ఎండ కంటే ముందు కోతులు దాన్ని తెంపేస్తాయి. కేబులూ పైపూ కూలీ అన్నీ కలిపినా సాధారణంగా మంచి అడాప్టర్ల జత ఖరీదుకు మించదు.

ఒక పెట్టె నుంచి ఇంకొక పెట్టెకు వైఫైని అందించే మెష్ వైఫై గురించి ఎవరైనా చెబితే, మధ్య పెట్టెకు మీ మెట్ల దగ్గర, ముందుగది కంటికి కనబడే చోటు ఉన్నప్పుడే ఆలోచించండి. అడుగున్నర మందం రాతి గోడ అటు పెట్టెకూ ఇటు పెట్టెకూ అడ్డంగా ఉన్నప్పుడు ఎన్ని పెట్టెలు పెట్టినా లాభం లేదు.

అడాప్టర్లు పెట్టుకుంటే, ఏప్రిల్, మే నెలల్లో ఉరుములు మొదలైతే రెండు అడాప్టర్లనూ సాకెట్ల నుంచి తీసేయమని మీ అబ్బాయికి చెప్పండి. అవి స్పైక్ గార్డు రక్షణ లేకుండా నేరుగా గోడలో ఉంటాయి, పిడుగు దగ్గర్లో పడితే వాటితో పాటు కేబుల్ కొసన ఉన్న ఫైబర్ పెట్టె కూడా కాలిపోవచ్చు.